సాయిబుకి టెస్టెందుకు?

"ఆడవాళ్లకు టెస్టు పెట్టను," అంటూ బ్రేకు ఇన్‌స్పెక్టర్ రామబ్రహ్మం గుల్జార్ బేగం దరఖాస్తును వేలితో వెనక్కి నెట్టాడు.

ఇది మూడోసారి.

ప్రతి మంగళవారం గురజాల ట్రావెలర్స్ బంగళా వరండాలో డ్రైవింగ్ లైసెన్సుల క్యాంపు జరుగుతుంది. వరసలో ముప్ఫై మంది మగాళ్లున్నారు. మాచర్ల నుంచి బస్సెక్కి వచ్చిన గుల్జార్ ఒక్కతే ఆడమనిషి. వరసంతా నవ్వింది.

"ఎందుకు పెట్టరో చెప్పండి సార్. మా నాన్న క్వారీలో నాపరాళ్ల లోడు బండి మీద నాకు డ్రైవింగు నేర్పాడు. కావాలంటే మీ జీపే ఇవ్వండి. దాచేపల్లి దాకా పోయి తీసుకొస్తా."

"బురఖా వేసుకుని నడుపుతావా? మీవాళ్లు ఊరుకుంటారా? టైరు పంచరైతే రోడ్డు మీద ఏడుస్తా కూర్చుంటావు. ఇరవయ్యేళ్ల సర్వీసమ్మా నాది. మనిషిని చూస్తే చాలు, బండి నడుపుతారో లేదో చెప్తా."

ఆమె కట్టుకున్నది నేత చీర. ఆయన తలెత్తి చూస్తేగా!

"ఆడదాన్ని కాబట్టి పెట్టనని కాగితం మీద రాసివ్వండి."

"రాసేదేముంది? పోయి నీ మొగుణ్ని తీసుకురా. ఆయనకు ఇస్తా లైసెన్సు."

"ఆయన ఎప్పుడూ బండి నడపలేదండీ."

"ఏం చేస్తాడు?"

"మెకానిక్కు."

"మెకానిక్కు సాయిబు బండి నడపకపోవడమేంది? మొగుడి పరువు తీయబాక. వచ్చే మంగళారం తీసుకురా, పో!"

గుల్జార్‌కు ఒళ్లు మండిపోయింది. నాన్న పోయి ఏడాదయింది. ఆయన వదిలిపోయిన మెటడోర్ వ్యాను షెడ్డు ముందు దుమ్ము కొట్టుకుపోతోంది. మిరప కోతలు దగ్గరపడ్డాయి. లైసెన్సు చూపిస్తే మిరప బస్తాలన్నీ నీ వ్యానులోనే వేయిస్తానని వ్యాపారి శివరామయ్య మాటిచ్చాడు. ఈ నెలలో ఆ కాగితం రాకపోతే వ్యాను అమ్మేసి, మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి పోవడమే.

ఇంటికి వచ్చేసరికి భర్త సర్దార్ షెడ్డులో ఒక లారీ ఇంజను మీద చెయ్యి ఆనించి మోత వింటున్నాడు. జరిగింది చెప్పింది. సర్దార్ స్పానరు కింద పడేసి మరీ నవ్వాడు.

"ఏమే, నాకా? నాకిస్తానన్నాడా లైసెన్సు?"

గుల్జార్ నవ్వలేదు. వ్యాను అద్దం మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"ఇస్తానన్నాడుగా. తీసుకుందాం పద," అంది.

మంగళవారం ఇద్దరూ వెళ్లారు. సర్దార్ ఇస్త్రీ చొక్కా వేసి, నల్లద్దాలు పెట్టి, భార్య భుజం మీద చెయ్యేసుకుని వరండా ఎక్కాడు.

"షోకుల్లో సాయిబుల తర్వాతే ఎవరైనా," అన్నాడు రామబ్రహ్మం. "పెళ్లాం భుజం వదలవేందయ్యా? ఎవరన్నా ఎత్తుకుపోతారనా?"

వరస మళ్లీ నవ్వింది. సర్దార్ కూడా నవ్వాడు. ఇంతలో బంగళా వెనక ఇన్‌స్పెక్టర్ గారి జీపు స్టార్టయింది.

"ఒక సిలిండరు కొట్టట్లేదు సార్. ఇంజెక్టరు విప్పించి చూడండి," అన్నాడు సర్దార్, నిలబడ్డ చోటు నుంచి కదలకుండానే.

డ్రైవరు బానెట్ ఎత్తి కాసేపు కుస్తీపట్టి, "నిజమే సార్!" అని కేకేశాడు.

రామబ్రహ్మం పొంగిపోయాడు. "చూశావామ్మా? ఇదీ పుట్టుకతో రావాల్సిన విద్య. మీ మగపిల్లలు పాలు తాగేటప్పుడే స్టీరింగు పట్టుకుంటారు. సాయిబుకి టెస్టెందుకు!"

దరఖాస్తు గుల్జారే నింపింది. సర్దార్ బొటనవేలికి సిరా పూసి, గీత మీద తనే ఆనించింది.

"వేలిముద్రా! చదువు మాత్రం అబ్బదు మీకు."

రూలు ప్రకారం నంబరు ప్లేటు చదివించాలి, మలుపు తిప్పించాలి, ఎత్తు మీద బండి ఆపించాలి. అవన్నీ రామబ్రహ్మం కలంతోనే జరిగిపోయాయి. అన్నిటికీ ఎదురుగా 'తృప్తికరం' అని రాసి, స్టాంపు గుద్దాడు. అరగంటలో లైసెన్సు చేతికొచ్చింది. మూడు వారాలు కాళ్లరిగేలా తిరిగిన గుల్జార్ ఆ కాగితాన్ని పదిలంగా కొంగున ముడేసుకుంది.

తర్వాతి క్యాంపుకు పై ఆఫీసరు తనిఖీకి వస్తున్నట్టు బంగళా వాచ్‌మన్ ముందే చెప్పాడు. ఆ రోజు గుల్జార్, సర్దార్ అందరికంటే ముందే వచ్చి కూర్చున్నారు. ఆఫీసరు కుర్చీలో సర్దుకోగానే ఆమె అర్జీ అందించింది.

"మూడుసార్లు వస్తే ఒక్కసారీ టెస్టు పెట్టలేదంట, ఏమయ్యా?" అన్నాడు ఆఫీసరు.

"ఆడమనిషి కదండీ, ప్రాణాలతో పని," అన్నాడు రామబ్రహ్మం. "నేను మనిషిని కళ్లారా చూసి, టెస్టులన్నీ చేయించి గానీ సంతకం పెట్టను. అర్హుడు కాబట్టి ఈమె మొగుడికి ఇచ్చా. ఆమెనే అడగండి."

"నిజమేనండీ, ఇచ్చారు." గుల్జార్ కొంగుముడి విప్పి లైసెన్సు బల్ల మీద పెట్టింది. "నంబరు ప్లేటు చదివాడని కూడా రాశారు."

"మరింకేంటమ్మా నీ బాధ? ఇంట్లో ఒకరికి వచ్చిందిగా," అన్నాడు ఆఫీసరు.

గుల్జార్ బేగం సర్దార్‌ను చెయ్యి పట్టుకుని బల్ల ముందుకు నడిపించి, అతని నల్లద్దాలు తీసి, "ఈయన పుట్టుగుడ్డండీ, ఇప్పుడు నాకు టెస్టు పెట్టమనండి," అంది.