విడుదల కాని కంపైలర్

మదనపల్లె టమాటా మార్కెట్ వెనక మేడగదిలో జువేరియా ఒక్కతే ఉంది. మనిషి రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఒకటి, ఇంకా విడుదల కానిది, ఆ సాయంత్రమే చేతికొచ్చింది. దాంతో తమ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇక్కడ ఆమె, కుప్పంలో తోటి ప్రోగ్రామర్ రాజేంద్ర విడివిడిగా తయారుచేసి పోల్చుకోవాలి. రెండూ అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే జనానికి ఇస్తారు.

రెండూ కలిశాయి. కానీ తెరమీద ఆమె రాయని వాక్యం ఒకటి వచ్చింది: "మనం ముగ్గురం ఉండాము."

రాజేంద్ర ఆకతాయి చేష్టలు ఆమెకు తెలిసినవే. జువేరియా ఫోన్ చేసింది. "అన్నా, ఇది నీ పనేనా?"

"నేను యాల రాస్తానమ్మా? నీ మీదే అనుమానంగా ఉండాది నాకు. ఈడా అదే వచ్చింది."

కోడంతా వెతికారు. ఆ మాట ఎక్కడా లేదు.

"ఈ కంపైలర్‌ను తీసేస్తాండాను. లైన్లోనే ఉండు," అన్నాడు రాజేంద్ర. అవతల కీబోర్డు టకటకలాడింది. ఉన్నట్టుండి ఆగింది. ఆపైన ఊపిరి కూడా వినిపించలేదు.

"అన్నా? ఉండావా?"

ఫోన్ కట్ కాలేదు, సెకన్లు నడుస్తూనే ఉన్నాయి. తనూ ఆ కంపైలర్‌ను తీసేద్దామని జువేరియా కీబోర్డు మీద చెయ్యి వేసింది. తెరమీది వాక్యం మారింది.

"ఇప్పుడు మనమిద్దరమే."