కళ్ళజోడు డబ్బా

"బూట్ డిస్క్ దొరకలేదంటోంది," అన్నాడు మెకానిక్, కంప్యూటర్ నల్లటి తెర మీద కనిపిస్తున్న ఒంటి వాక్యాన్ని వేలితో చూపిస్తూ. "అంటే, లేచింది గాని ఇంట్లో ఎవరూ లేరనుకుంటోంది."

"ఐదులోపు బాగవుతుందా?" అడిగింది కోడలు.

"బాగు చేయకుండా వెనక్కి రావద్దని చెప్పి పంపారమ్మా ప్లీడరమ్మగారు."

కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న అత్తగారు చేతిలోని కళ్ళజోడు డబ్బాని గట్టిగా పట్టుకుంది. ఒళ్ళో పుస్తకం తెరిచే ఉంది గాని ఒక్క అక్షరం కనబడటం లేదు. కళ్ళజోడు దిండు కింద ఉండిపోయింది. డబ్బాలో, పొద్దున్నే ఆమె కంప్యూటర్ వెనక నుంచి పీకేసిన తీగ ఉంది. చుట్టలు చుట్టి బలవంతంగా కుక్కితే గాని మూత పడలేదు.

కొడుకూ కోడలూ ఇష్టపడే విడిపోతున్నామని సంతకాలు చేసిన కాగితాలు ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. ఇవాళ ఐదులోగా కోర్టుకి పంపకపోతే మళ్ళీ ఆరు నెలల దాకా వీలుపడదని ప్లీడరమ్మ చెప్పింది. గుమ్మంలో తమ ముగ్గురి చెప్పులు మూడు జతలున్నాయి. అవి పంపాక రెండే ఉంటాయి. ఆ ఆరు నెలల కోసమే అత్తగారు తీగ లాగేసింది. మధ్యాహ్నం ఇద్దరూ వచ్చి మీట నొక్కారు. తెర నల్లగానే ఉండిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఊరుకున్నారు. ఊరుకోనిది ప్లీడరమ్మే. ఫోన్లో సంగతి విన్న గంటలో తన ఆఫీసు మెకానిక్‌ని తోలేసింది.

"అత్తయ్యా, కళ్ళజోడు లేకుండా ఏం చదువుతున్నారు?" అంది కోడలు.

"చదివిందేలేమ్మా. నోటికొచ్చు."

"డబ్బా చేతిలోనే ఉందిగా?"

"కళ్ళు మండుతున్నాయి," అని అత్తగారు డబ్బాని పుస్తకం కిందికి తోసేసింది.

మెకానిక్ చిన్న టార్చిలైటు పళ్ళ మధ్య కరుచుకుని బల్ల కిందికి దూరాడు. పాదాలు మాత్రం బయట ఉన్నాయి. ఆ పాదాలు కాస్త కదిలినప్పుడల్లా అత్తగారు పుస్తకాన్ని డబ్బా మీద ఇంకాస్త గట్టిగా అదిమింది.

"ఇదిగో, దొంగ దొరికాడు!"

ఆమె కళ్ళు మూసుకుంది.

బల్ల కింద నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. చేతిలో ఎర్రటి పెన్‌డ్రైవ్. "వెనకాల గుచ్చేశారు. కంప్యూటర్ అసలు డిస్క్ కంటే ముందు దీన్నే వెతుక్కుంటోంది. ఇందులో ఏమీ లేదు. ఎవరిది?"

అది కోడలి తాళాలగుత్తికి వేలాడేది. కళ్ళజోడు లేకపోయినా అత్తగారు గుర్తుపట్టింది.

"నాదే," అంది కోడలు. "పెట్టి మర్చిపోయినట్టున్నాను."

"ఇంత లోపలికి దూరి మర్చిపోయారా?"

కోడలి చెంపలు ఎర్రబడ్డాయి. తలుపు దగ్గర నిలబడ్డ కొడుకు ఆమెకేసి చూశాడు. ఈమధ్య ఆమె చెప్పే మాట వినేటప్పుడు గోడ గడియారాన్ని చూడటం అతనికి అలవాటు.

మెకానిక్ మళ్ళీ మీట నొక్కాడు. మళ్ళీ అదే వాక్యం.

"ఇంకో తిరకాసేదో ఉంది," అన్నాడు.

ఇక నాదే, అనుకుంది అత్తగారు. మెకానిక్ ఏవో మీటలు టకటకా నొక్కితే తెర నీలంగా మారింది. అతను ముందుకి వంగి చూసి, చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

"సార్, అసలు డిస్క్‌నే పక్కన పెట్టేశారు! ఇది దానంతటది జరగదు. ఎవరో సెట్టింగుల్లోకెళ్ళి, పనిగట్టుకుని ఆపేసి పోయారు. తెలిసినవాళ్ళ పనే."

ఆ ఇంట్లో తెలిసినవాడు ఒక్కడే. అతను తన గోళ్ళు పరీక్షగా చూసుకుంటున్నాడు.

"నువ్వా?" అంది కోడలు.

అత్తగారు ఉలిక్కిపడింది. ప్లీడరమ్మ ఆఫీసు మెట్లెక్కిన రోజు నుంచి కోడలు మొగుణ్ణి 'మీరు' అంటోంది, బ్యాంకు గుమాస్తాని అన్నట్టు.

"నువ్వు మాత్రం?" అన్నాడు కొడుకు.

"బల్ల కింద దూరి నడుం పట్టేసింది, తెలుసా!"

"అందుకా వంకరగా నడుస్తున్నావు? నా మీద కోపమనుకున్నా."

"కోపం కూడా ఉంది."

మెకానిక్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇప్పుడు ఈ ఒక్కటీ నొక్కితే వచ్చేస్తుంది. టైం నాలుగున్నరే. నొక్కెయ్యనా?"



"నొక్కకండి," అన్నాడు కొడుకు.

"ఇది కూడా ఎక్కడిదక్కడ పెట్టేయండి," అంది కోడలు, పెన్‌డ్రైవ్ అందిస్తూ. "నేను మళ్ళీ వంగలేను."

"మరి ప్లీడరమ్మగారికి నేనేం చెప్పేది?"

"బాగవలేదని చెప్పండి," అన్నారిద్దరూ ఒకేసారి. ఆ వెంటనే కోడలికి నవ్వొచ్చింది. దాన్ని దగ్గులోకి మార్చబోయింది గాని కుదరలేదు.

అత్తగారి భయమంతా ఎటుపోయిందో, దాని చోట కాస్త గర్వం వచ్చి కూర్చుంది. కుర్చీలోంచి లేచి, తడబడకుండా నడిచివచ్చి, డబ్బా బల్ల మీద పెట్టింది.

"మీరిద్దరూ ఉత్తపుణ్యానికి తంటాలు పడ్డారర్రా. ఏం నొక్కినా అది లేవదు. దాని ఆయువుపట్టు పొద్దుట్నుంచీ నా దగ్గరే ఉంది," అని మూత తెరిచింది.

తీగ టప్పున ఎగిరి మెకానిక్ ఒళ్ళో పడింది. అతను దాని రెండు కొసలూ తిప్పి తిప్పి చూశాడు.

"పెద్దమ్మగారూ, ఇది పాటలొచ్చే స్పీకర్ది."