కొసరు బెల్లం

మార్టులో పప్పుల వరస చివర పోశయ్య కనపడగానే రాములమ్మ చేతిలోని కందిపప్పు ప్యాకెట్టు తోపుడు బండిలో పడేసి, కొంగు ముక్కు దాకా లాక్కుంది.

"పోశన్న ఆడున్నడు. బండి ఎనకకు తిప్పు" అంది కోడలు సంతోషితో.

సంతోషి మెడ చాచి చూడబోతే మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

పోశయ్యది నాచారంలో వీళ్ళ ఇంటి ఎదురుగా ఉన్న కిరాణా దుకాణం. పద్దెనిమిదేళ్ళుగా ఉప్పు నుంచి సబ్బు దాకా అన్నీ అక్కడే. తూకం అయ్యాక రాములమ్మ చెయ్యి చాపడం, ఆయన అందులో ఓ బెల్లం ముక్క కొసరుగా పెట్టడం మామూలే. నెల రోజుల నుంచి కోడలు ఒకటే పోరు. అదే నూనె, అదే సర్ఫు ఉప్పల్ మార్టులో ఎంత తక్కువకు వస్తున్నాయో ఫోన్లో చూపించి మరీ పోరింది. కంపెనీ ఒకటే అయినా పోశయ్య నూనెలో వేయించిన బజ్జీల రుచే వేరని రాములమ్మ కొట్టిపారేసింది. మిగిలే పైసలతో సిరికి లెక్కల ట్యూషన్ పెట్టించొచ్చని కోడలు అన్నాక మాత్రం సరేనంది. మనవరాలి మాట వస్తే ఆమె అంతే.

నాచారంలోని మార్టుకు పోతే ఎవరైనా చూస్తారని ఆటో ఎక్కి ఉప్పల్ దాకా వచ్చారు. పొద్దున పోశయ్య ఎదురుపడి సరుకుల చిట్టీ ఎప్పుడు రాయిస్తావని అడిగితే, మేడిపల్లిలో చెల్లెలికి బాగాలేదు, చూసొచ్చి రాయిస్తానని చెప్పింది. ఆ చెల్లెలి జబ్బు ఇప్పుడు మార్టు నడిమధ్యలో బయటపడేట్టుంది.

"సూస్తే సూడనీ అత్తమ్మా. మన పైసలు, మన ఇష్టం" అంది సంతోషి.

"నీకేం ఎర్క. మొన్ననే అన్నడు. గల్లీలందరు మార్టుకు మర్రిండ్రు, నువ్వు గూడ రాకుంటే షటర్ గుంజుకొని ఇంట్ల కూసుంటనక్కా అని. ఎవలెవలు వస్తున్నరో సూడనీకే వచ్చిండు."

అలా అనుకోవడానికి ఆధారం లేకపోలేదు. ఎన్నడూ లేనిది పోశయ్య తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. నాలుగడుగులు వేసి ఆగుతున్నాడు, అటూ ఇటూ చూస్తున్నాడు, మళ్ళీ కదులుతున్నాడు. వీళ్ళు సబ్బుల వైపు పోతే సబ్బుల వైపే వచ్చాడు. బిస్కెట్ల వెనక్కి పోతే ఆ చివర తువ్వాలు తేలింది. పైన మైకులో ఒకమ్మాయి ఆఫర్ నూనె బిల్లుకు నాలుగు ప్యాకెట్లే ఇస్తామని చెప్పిందే చెబుతోంది. రాములమ్మ ఒక్కటే తీసుకుంది. అది కూడా మనసొప్పక, సర్ఫు సంచీ కింద దాచింది.

నిజం చెప్పాలంటే ఆమెకు భయం కంటే సిగ్గే ఎక్కువగా ఉంది. భర్తకు ఛాతీలో నొప్పి వచ్చిన రోజు గల్లీలో ఒక్క ఆటో దొరకలేదు. పోశయ్య తరాజులో ఉన్న బియ్యం అలాగే వదిలేసి, స్కూటరు మీద కూర్చోబెట్టుకొని దవాఖానాకు తీసుకుపోయాడు. ఆ మనిషి కడుపు మీద కొట్టి తను నాలుగు రూపాయలు మిగుల్చుకోవాలా? తన వల్లే ఆ షటర్ పడితే రేపటి నుంచి ఎదురింటి వైపు ఎలా చూడాలి?

"అన్ని ఏడియి ఆడ పెట్టు. పోదాం పా" అంది.

సంతోషి కదల్లేదు. సోమవారం నుంచే ట్యూషన్ అని టీచరమ్మకు చెప్పేశానని, ఇప్పుడు ఒట్టి చేతులతో పోతే మళ్ళీ ఎన్నడూ రాలేమని గొణిగింది. రెండూ నిజమే. చివరికి, తలెత్తకుండా బిల్లు చేయించుకొని బయటపడదామని అత్తాకోడళ్ళు రాజీకొచ్చారు.

బిల్లు కౌంటరు దగ్గర వరస బారుగా ఉంది. రాములమ్మ నేలచూపులు చూస్తూ ఒక్కో అడుగే వేసింది. ఇంకా ఇద్దరే ఉన్నారనగా వెనక నుంచి ఎవరి బండో వచ్చి మడమకు తగిలింది. తిరిగి చూసింది. పోశయ్య. తువ్వాలు జారి మెడలో పడింది. ఇద్దరి మధ్య జానెడు జాగా కూడా లేదు.

ఆయన నోరు తెరవక ముందే ఈమె తెరిచింది.

"తప్పయింది పోశన్నా. మా చెల్లెకేం కాలే, మంచిగనే ఉన్నది. పోరి ట్యూషన్ అంటే ఆశకొద్ది వచ్చిన. నువ్వు షటర్ మాత్రం గుంజకే. వచ్చే నెల సంది మల్ల నీ తాననే తీస్కుంట." చెబుతుంటేనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పోశయ్య కోపగించుకోలేదు. ముందుకీ వెనక్కీ ఒకసారి చూసుకొని, తన బండి మీద కప్పిన గోనెసంచి కొంచెం పక్కకు తీశాడు. కింద నూనె ప్యాకెట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఆయన చూపు మాత్రం రాములమ్మ బండిలో, సర్ఫు సంచీ కింద నుంచి తొంగిచూస్తున్న ఆ ఒక్క ప్యాకెట్టు మీదే ఉంది.

"గట్టిగ అనకు రాములక్కా" అన్నాడు గొంతు తగ్గించి. "షటర్ గుంజొద్దనే ఏడాది సంది దుకాణానికి సరుకు ఈడికెల్లే తీస్కపోతున్న. బిల్లుకు నాలుగే అంటున్నరు గద, నీ బిల్లుల నాయి ఓ మూడు కొట్టియ్యి, రేపు దుకాణానికి రా, బెల్లం ముక్క కొసరేస్త."