పదివేల లడీ

ఒక్కటంటే ఒక్క ఓటుతో నాగరాజు సర్పంచ్ అయ్యాడు.

రెండుసార్లు లెక్కపెట్టారు. రెండుసార్లూ ఒక్కటే తేడా.

ఒక్క ఓటైతేనేం, గెలుపు గెలుపే. హుజూరాబాద్ నుంచి ఆటో నిండా పటాకులు దిగాయి. ఊరేగింపు ఊరంతా తిరిగి, ఓడిపోయిన గోపాల్ ఇంటి ముందు ఆగింది. ఆ ఊళ్లో గెలిచినవాళ్లు అసలు సంబరం చేసుకునేది ఓడినవాళ్ల వాకిట్లోనే.

నాగరాజు దోస్తు సాయిచంద్ పదివేల పటాకుల లడీని వాకిలి పొడవునా పరిచాడు.

లోపలి నుంచి ఒక ముసలాయన గోడ పట్టుకుని వచ్చాడు. నాగరాజు ఆయన్ని ఎన్నడూ చూడలేదు.

"బిడ్డా, జర ఆవలికి పోయి కాల్చుకోండ్రి. నాకు దమ్మున్నది. పొగ పడదు."

"ఎవలు నువ్వు?"

"సాంబయ్యను. గోపాల్‌కు అన్నను. భీవండిల బట్టలు నేసే సాంచాలు నడిపిన నలభై ఏండ్లు. గా దుమ్ముకే గీ దమ్ము పట్టింది."

"ఓటేయనికి వచ్చినవా?"

"గోపాలే కారు పెట్టి తోల్కచ్చిండు."

"అరెరె! గంత దూరం నుంచి వస్తివి, ఓటు గంగల కలిసె గదనే!" అన్నాడు సాయిచంద్.

అందరూ గొల్లున నవ్వారు.

ముసలాయన మాత్రం నాగరాజు వైపే చూశాడు.

"నువ్వు గెలిచినవు. నాకు సంతోషమే బిడ్డా. ఇక్కడ మాత్రం కాల్చకుండ్రి."

ఓడిన ఇంటి మనిషి సంతోషమంటే వెక్కిరింత కాక మరేమిటి? నాగరాజుకు చిర్రెత్తుకొచ్చింది.

గోపాల్ బయటికొచ్చాడు.

"మా అన్న పానం మంచిగ లేదంటుంటె ఇనవడ్తలేదార?"

అంతే. మాటకు మాట పేలింది. ఆడవాళ్లనూ, పోయిన తాతలనూ కూడా వదల్లేదు. లడీకి నిప్పు పెట్టకముందే వాకిలి దద్దరిల్లింది.

"ఓడినోల్లకు పటాకుల సప్పుడు ఎట్ల పడ్తది? అంటియ్యి సాయీ!" అన్నాడు నాగరాజు.

లడీ ఎంతసేపు పేలిందో! ఆ మోతలో ముసలాయన దగ్గు ఎవరికీ వినిపించలేదు.

తెల్లారేసరికి సాంబయ్య పోయాడు.

కబురు వినగానే నాగరాజు దండ తెప్పించాడు. సర్పంచ్‌గా మొదటి పని శవానికి దండ వేయడం అయింది. తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్లాడు.

గోపాల్ తిట్టలేదు.

"తప్పయింది గోపాలన్నా. కాళ్లు మొక్కుత."

"రా. దండెయ్యి. నాకన్న నీకే హక్కున్నది."

"గట్లనకే అన్నా..."

"ఎత్తిపొడుపు కాదు నాగరాజూ. దవఖానకు తోల్కపోతుంటె దారిల నా చెయ్యి పట్టుకున్నడు. 'తమ్మీ, మాఫ్ చెయ్యి. కరోనాల నా కొడుకు భీవండి నుంచి నడిచొస్తే నువ్వు ఇంట్లకు రానియ్యలే. గా నాగరాజే బడిల పండబెట్టి పది రోజులు బువ్వ పెట్టిండు. నా ఓటు ఆయనకే ఏసిన' అన్నడు."