బంకగాడు కక్కిన ముడి

"ఛీ ఛీ! మళ్ళీ మా గడపలోనే కక్కావురా బంకగాడా!" సెలూన్ ఆవిడ కూతురు బుజ్జి ముక్కు మూసుకుని గయ్యిమంది.

మురుక్కాలవలో ఉండే జిగట జీవి బంకగాడు సొంగ కార్చుకుంటూ వెక్కాడు. "తిట్టకక్కా. ఇలాంటి ఉండను ఎవరో రోజూ మీ గడప కింద పాతిపెడుతున్నారు. మీ అమ్మ తొక్కకముందే మింగేస్తున్నా."

"తొక్కితే?"

"చేతబడి తగిలి మంచాన పడుతుంది. నాకైతే అరగదంతే."

ముక్కు మూసుకునే బుజ్జి పుల్లతో ఆ ఉండను విడదీసింది. నల్లదారంతో ముళ్ళు వేసిన జుట్టు. కొసల్లో ఎర్రరంగు. అమ్మదే!

అమ్మకు జుట్టు కత్తిరించేదీ, కింద పడిన వెంట్రుకలు ఊడ్చి కాల్చేసేదీ పిన్నే.

బుజ్జి ముక్కు మీంచి చెయ్యి తీసింది. ఆ కుళ్ళు కంపు అడుగున సన్నగా గులాబీ సెంటు వాసన తగిలింది.

"ఏంటే ఆ గబ్బు!" పిన్ని గుమ్మంలోకి వచ్చి బుజ్జి చెంప నిమిరింది. "మా బంగారు తల్లివి కదూ, ఆ రోత పురుగును ఎక్కడైనా దూరంగా పారేసి రావే."

ఆమె వేళ్ళ నుంచి గుప్పున అదే గులాబీ సెంటు.

ఇంతసేపూ ఆపుకున్న వాంతి బుజ్జికి గొంతుదాకా వచ్చింది. గబుక్కున వంగి బంకగాణ్ణి రెండు చేతులా ఎత్తుకుంది. పిన్ని నిమిరిన చెంపను వాడి జిగట వీపుకేసి గట్టిగా తుడుచుకుంది.