అతిథి ఉన్న ఇంట్లో తుమ్ము

మహమ్మారి తర్వాత విశాఖకు యాత్రికులను మళ్లీ రానిస్తున్నారు. సముద్రతీరం పాడవకుండా హోటళ్లు మూసేసి, ఇంటికొక అతిథిని పంపుతున్నారు. మా ఇంటికి బిలాస్‌పూర్ నుంచి పాండేగారని ఒకావిడ వచ్చింది. తెలుగు ఒక్క ముక్క రాదట. మెడలోని పలుకుబిళ్లే ఆమె హిందీని తెలుగులో చెబుతుంది.

నాకు అనుమానంగానే ఉంది. వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ సముద్రం వైపు చూడలేదు, మా పాపనే చూస్తోంది. పిల్లకు జలుబని తెలిస్తే అతిథి అనుమతి ఆ రోజే పోతుంది. మా ఇంటి తిండి దాని మీదే.

ఉప్మా వడ్డిస్తుంటే చంకలోని పాప తుమ్మనే తుమ్మింది.

"చిరంజీవ," అంది ఆవిడ చప్పున. బిళ్ల కాదు, ఆవిడే అంది.

నేను గరిటె గిన్నెలో పెట్టేశాను.

"తనిఖీకొచ్చారేటండి?" అన్నాను.

ఆవిడ బిళ్ల తీసి పక్కన పెట్టింది. "ఏటి సేస్తానమ్మా, ఉద్యోగం. మాది పాలకొండ. నాకు తెలుగొచ్చని ఇంటోళ్లకి తెలిసిపోతే తీసేస్తారు."

"మరి మా పాప?"

"దాని తుమ్ము నాను విన్లేదు. నా తెలుగు నువ్వు విన్లేదు."

సరేనన్నాను. అయినా ఆవిడ గడప దాటేదాకా పాపను చంక దించలేదు.