తొమ్మిదో పీట

పీట ఊగింది.

విశ్వేశ్వరరావు దాని మీద కూర్చుని ముందుకు వాలాడు. టక్. వెనక్కి వాలాడు. టక్. ఇది ఎనిమిదోది. అయినా ఆయన ముఖం వెలిగిపోతోంది. మొదటి పీట మీద కూర్చున్నప్పుడు ఏకంగా నేలమీద పడ్డాడు మరి. పడటం నుంచి టక్కు దాకా వచ్చాడంటే తక్కువ మాటా!

సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన లెక్కలు చెప్పే కోచింగ్ సెంటరుకు తాళం పడింది. సైన్ తీటా, కాస్ తీటా లేకుండా పూట గడవదనుకున్న మనిషికి మూడు రోజులు హాయిగా గడిచిపోయాయి. నాలుగో రోజు సైదాబాద్‌లో పాత ఇనుప సామాన్ల కొట్టు ముందు కాళ్లు వాటంతటవే ఆగాయి. పళ్లు సగం ఊడిన రంపం, మొద్దుబారిన ఉలి, పిడి వదులైన సుత్తి, ఎవరి చేతి చెమటకో నల్లబడ్డ చిత్రిక. అన్నీ గోనెసంచిలో వేయించుకుని పెళ్లికొడుకులా ఇంటికొచ్చాడు.

సంచి చూసి కోటేశ్వరమ్మ నడుం మీద చేయి వేసుకుంది.

"గోడకి మేకు కొట్టమంటే వేలు కొట్టుకున్నారు. ఇప్పుడీ సంబడం ఒకటా! పొద్దున్నే తీసుకెళ్లి ఇచ్చేసి రండి."

"ఊగని పీట ఒక్కటి చేసి చూపిస్తానే. సమ్మె అయ్యేలోపు చేయలేకపోతే నేనే తిరిగిచ్చేస్తా."

"ఎవరు చెప్పాలి ఊగడం లేదని?"

"నువ్వే."

ఆ ఒక్క మాట దగ్గరే ఆయన పప్పులో కాలేశాడు.

అయితే రెండో వారం వచ్చేసరికి కోటేశ్వరమ్మ మనిషే మారిపోయింది. కాఫీ వరండాలోకే రావడం మొదలెట్టింది. "మీ చేతిలో ఏదో ఉందండీ" అంది. పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో ఆయన చేతి గురించి ఆమె అన్న మొదటి మంచి మాట అది.

"గడ్డిఅన్నారం మార్కెట్లో ఆపిల్ పెట్టెలు విరిగినవి ఊరికే పడేస్తున్నారట. ఇంకో రెండు తెచ్చుకోకూడదూ?"

కరివేపాకు తెమ్మంటే మోకాలు నొప్పనే మనిషి, బస్సుల్లేని రోడ్డు మీద పెట్టెలు భుజాన పెట్టుకుని ఈల వేసుకుంటూ నడిచొచ్చాడు.

ఊగిన పీటలు పారేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "మీరు చేసినవి పారేస్తానా? వెనక దాచిపెడతాను" అని చంటిపిల్లల్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుపోయింది. చిత్రిక పట్టగా రాలిన పొట్టు కూడా చాటలోకి ఊడ్చుకెళ్లింది. ఆమెకి ఇంత శుభ్రం ఉందని ఆయనకు ఇన్నాళ్లూ తెలియదు. వెనక వాకిట్లో ఇంటి ఓనరమ్మ వజ్రమ్మ బట్టలుతుక్కుంటుంది కాబట్టి ఆయన అటు తొంగి చూసే మనిషి కాదు.

వజ్రమ్మే ఒకరోజు ముందుకొచ్చింది. "సారూ, మాక్కూడ ఒకటి చెయ్యరాదు? జర పెద్దగ చెయ్యి."

విశ్వేశ్వరరావు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

వజ్రమ్మ భర్త సిద్ధిరాములు సర్కారు ఉద్యోగి. రోజూ పొద్దున్నే ఎల్బీనగర్‌లో సమ్మె శిబిరానికి పోతూ వరండా ముందు ఆగేవాడు.

"ఏంది సారూ, మేం తెలంగాణ తెచ్చేలోపల నువ్వు పీట తెస్తవా?"

"చూద్దాం సిద్ధిరాములు గారూ, ఏది ముందొస్తుందో!"

"మాదే ముందొస్తది తియ్. నీ పీటకు నాలుగు కాళ్లున్నయ్, నాలుగూ నాలుగు దిక్కులు జూస్తున్నయ్."

ఇద్దరూ పగలబడి నవ్వుకునేవాళ్లు. అప్పుడప్పుడు పొగ వాసన వచ్చేది. "రోడ్డు మీద మళ్లీ టైర్లు కాలుస్తున్నట్టున్నారు" అనేవాడు విశ్వేశ్వరరావు. "మావోళ్లే అయ్యుంటరు" అని సిద్ధిరాములు గర్వంగా కండువా సర్దుకునేవాడు.

సమ్మె రేపో మాపో ఆగుతుందని టీవీలో చెప్పిన రోజు, తొమ్మిదో పీట తయారైంది.

ముందుకు వాలాడు. చప్పుడు లేదు. వెనక్కి వాలాడు. చప్పుడు లేదు. పీట మీద గోలీ పెట్టాడు. కదల్లేదు. గుండె మాత్రం గంతులేస్తోంది.

"కోటేశ్వరీ!"

ఆమె వచ్చింది. వెనకే వజ్రమ్మ. కోటేశ్వరమ్మ పీట మీద కూర్చుని అటూ ఇటూ వాలింది. ఎందుకో ముఖం వాడిపోయింది.

"ఊగుతోందండీ."

"ఎక్కడ?"

"లోపల్లోపల."

"ఔ సారూ" అంది వజ్రమ్మ, కూర్చోకుండానే. "నాక్కూడ గట్లనే అనిపిస్తుంది. ఇంకోటి చెయ్యి."

"గోలీ కూడా కదలందే!"

"గోలీకేం తెలుసండీ, పాపం" అని కోటేశ్వరమ్మ పీటను చంకన పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది.

విశ్వేశ్వరరావు రంపం వైపు దిగులుగా చూశాడు. రేపు సమ్మె ఆగితే ఇది మళ్లీ గోనెసంచిలోకే. లెక్కల మాస్టారికి అన్యాయం భరించడం కష్టం. ఎనిమిది పీటల పక్కన తొమ్మిదోది పెట్టి, నిరూపించి, కింద గీత గీసి చూపిస్తే ఇంకేమంటారు? ఆ ఇంట్లో దిగాక మొదటిసారి, రెండుసార్లు గట్టిగా దగ్గి మరీ, సందులోంచి వెనక వాకిట్లోకి నడిచాడు.

అక్కడ మూడిటుకల మీద ఉడుకుతున్న రెండిళ్ల పప్పు కింద ఎనిమిదో పీట కాళ్లు భగభగ మండుతున్నాయి, సమ్మె రెండో వారం నుంచీ రాని గ్యాస్ బండి కోసం రెండు ఖాళీ సిలిండర్లు గోడకానుకుని ఎదురుచూస్తున్నాయి, పొయ్యి ముందు తొమ్మిదో పీట మీద కోటేశ్వరమ్మ ఒక్క టక్కు కూడా లేకుండా కుదురుగా కూర్చుని గరిటె తిప్పుతోంది.